తొలి ముక్క

ఇల్లు, వెనక గది

పిచ్చుకకి తాత రాసేది,

ఈ ఇంట్లో నాకు న్యాయం జరగట్లేదు. మీ అమ్మ సబ్బు మార్చింది. పాతది చేతిలో బుద్ధిగా కూర్చునేది. ఈ కొత్తది తాకానో లేదో బకెట్ వెనక్కి పారిపోతుంది. పట్టుకుందామని వంగితే నడుం పట్టేస్తుంది. నేను లోపల దాని వెంట పడుతుంటే మీ అమ్మ తలుపవతల నుంచుని "మావయ్యా, అయిందా?" అంటుంది. ఎలా అవుతుంది? స్నానం చేస్తున్నానా, వేటాడుతున్నానా? పాత సబ్బే తెమ్మంటే "ఇది వాసన బాగుంటుంది కదా మావయ్యా" అంటుంది. నన్ను వాసన చూడ్డానికి ఎవరొస్తున్నారట?

సరే, నీ సంగతి. ఫోన్లో నువ్వు చెప్పింది నాకు సగమే వినపడింది. ఆ సగం కూడా నమ్మేలా లేదు. పుచ్చకాయ మీద పువ్వులు చెక్కితే జీతం ఇస్తారా? అంత తీరిగ్గా ఉన్న మనుషులు నీకెక్కడ దొరికారే? నేను బతుకంతా టేకు చెక్క మీద చెక్కాను. నేను తలుపుల మీద పెట్టిన తీగలు ఇంకా అలాగే ఉన్నాయి, ఆ తలుపులు వేసుకున్నవాళ్ళే లేరు. నువ్వు చెక్కింది చూస్తే చుట్టాలు చేతులు కడుక్కునేలోపు వాడిపోతుంది. వడ్రంగి మనవరాలివి, పోయి పోయి కూరగాయల బుట్టలో పడ్డావు. పైగా దాన్ని కళ అంటున్నావు. అనుకో. నేను కాదంటే మాత్రం మానేస్తావా?

మీ అమ్మ బాగానే ఉంది. కుట్టుమిషను ముందు కూర్చుంటే లేవదు. నువ్వు వెళ్ళాక మిషను చప్పుడు ఇంకా ఎక్కువైంది. మాట్లాడాల్సినవన్నీ దాంతోనే మాట్లాడేస్తున్నట్టుంది.

ఇక నుంచి ఉత్తరాలు రాయి. ఫోన్ చేస్తే నీ మాట నాకు వినపడదు, నా అరుపులు మీ అమ్మకి వినపడతాయి. రెండు విధాలా నష్టం. నా అక్షరాలు చూసి నవ్వకు. నేను బడికి వెళ్ళిన రోజులకంటే బడికి బెంచీలు చేసిన రోజులే ఎక్కువ.

తాత


విందు హాలు, వంటగది పక్క సామాన్ల గది

తాతకి,

నవ్వాను. అక్షరాలకి కాదు, సబ్బుకి. అమ్మకి చెప్పకుండా పాత సబ్బు ఒకటి కొనుక్కుని నీ చొక్కాల కింద దాచుకో. ఇంతదానికి ఉత్తరమా?

నా పని గురించి అంత చులకనగా రాశావు కాబట్టి చెప్తున్నా, విను. పుచ్చకాయకి పైన పచ్చ, కింద తెలుపు, దాని కింద ఎరుపు. కత్తి ఎంత లోతుకి దించితే ఏ రంగు వస్తుందో అదే పనంతా. చెక్కలో తప్పు పడితే నువ్వు లప్పం పెట్టి రుద్దేసేవాడివి. నాకు ఆ వీలు లేదు. ఒక్క రేకు తెగితే కాయ మొత్తం పళ్ళరసంలోకి పోతుంది. ఆపిల్ ముక్కకి నిమ్మరసం రాయాలి, లేకపోతే నల్లబడుతుంది. చెక్కిందంతా తడిగుడ్డ కప్పి చల్లని పెట్టెలో పెట్టాలి. రోజంతా చేతులు తడిలోనే. వేళ్ళు చూస్తే నీ వేళ్ళలాగే తయారయ్యాయి, ముడతలు పడి. సంతోషమా?

ఇక్కడ వంటగదికి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఏ గిన్నె మూత తీసినా "ఉప్పు చూశారా?" అంటాడు, అందుకని అందరూ ఉప్పు మాస్టారు అంటారు. నేను బొప్పాయి పువ్వు చెక్కుతుంటే కూడా వెనక నుంచుని "ఉప్పు చూశావా?" అన్నాడు. మంచివాడే. ఈ హాల్లో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. పళ్ళ బల్ల మీద మధ్యలో పెద్ద బొమ్మ ఉంటుంది కదా, దాన్ని విందు ఇచ్చేవాళ్ళే కోయాలి. కోసి, చెక్కిన మనిషిని వంటగదిలోంచి పిలిపించి, నలుగురిలో పరిచయం చేసి, తొలి ముక్క వాళ్ళ చేతిలో పెట్టాలి. ఆ తర్వాతే ఎవరైనా తినాలి. మా వాళ్ళు ఒక పూట కూడా తప్పనివ్వరు. కాసేపు పెద్దమనుషులు మనకేసి చూస్తారు తాతా. అది బాగుంటుంది.

ఇన్నాళ్ళూ నేను పక్కన పువ్వులు మాత్రమే చేశాను. వచ్చే పెద్ద విందుకి బల్ల మొత్తం నాదే. బాగా కుదిరితే ఉద్యోగం ఖాయం చేస్తారు.

ఊరికే అడుగుతున్నా. నాన్న సంగతి ఏమైనా తెలిసిందా?

పిచ్చుక


ఇల్లు, వెనక గది

పిచ్చుకకి,

సబ్బు కొనుక్కున్నాను. మీ అమ్మ పట్టేసుకుంది. చొక్కాలు మడత పెడుతుంటే దొర్లి బయటపడింది. "దొంగతనాలు కూడా మొదలుపెట్టారా?" అంది. నేను వినపడనట్టు నటించాను. చెవుడుకి ఇదొక్కటే లాభం.

బల్లంతా నీకే అప్పచెప్పారంటే నాకేం ఆశ్చర్యం లేదు. కత్తిని మొన దగ్గర బొటనవేలు ఆనించి పట్టు. బలం భుజంలోంచి రావాలి, మణికట్టులోంచి కాదు. పండైనా మానైనా అంతే. నీకు అన్నీ తెలుసులే, నా దురద కొద్దీ రాస్తున్నా.

మీ నాన్న సంగతి ఎందుకు అడిగావు? ఇల్లు వదిలిపోయాక వాడి పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేదానివి. ఇవాళ "ఊరికే" అడుగుతున్నావు. నువ్వు పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను, ఊరికే ఏదీ అడగవు.

నాకేం తెలీదు. ఏ కబురూ లేదు. వాడెక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో నాకెవరూ చెప్పలేదు, నేనెవర్నీ అడగలేదు, అడగను కూడా. మాట వరసక్కూడా తెలీదు.

తాత


విందు హాలు, సామాన్ల గది

తాతకి,

ఒక్కసారి తెలీదంటే సరిపోయేది. ఇన్నిసార్లు రాశావంటే తెలుసన్నమాట. నువ్వు దాస్తున్నావు కాబట్టి నేను దాచింది చెప్పేస్తాను.

ఆ పెద్ద విందు నాన్నది. రెండో పెళ్ళి విందు.

హాలు చూసుకోడానికి వచ్చారు. నాన్న, ఆ కాబోయే ఆవిడ, ఆవిడ తల్లిదండ్రులు. పళ్ళ బల్ల ఎలా ఉంటుందో చూపించమని మాస్టారు నన్నే ముందుకి తోశాడు. చేతిలో సగం చెక్కిన ఖర్బూజా. తలెత్తితే ఎదురుగా నాన్న. జుట్టుకి రంగేశాడు. నాకంటే ముందే గుర్తుపట్టాడు, కళ్ళు చెప్పాయి. తర్వాత ఆ కళ్ళకి తలుపులేసేశాడు.

"అమ్మాయ్, రెండు హంసలు కావాలి మాకు. మెడలు ఇంకాస్త పొడుగ్గా వస్తాయా?" అన్నాడు.

"వస్తాయండీ" అన్నాను.

నాన్నని "అండీ" అన్నాను తాతా. నోరు దానంతట అదే అనేసింది.

ఆవిడ మంచిదానిలాగే ఉంది. నేను చెక్కిన గులాబీ చేతిలోకి తీసుకుని "దీన్ని కొరకడానికి మనసెలా వస్తుందమ్మా?" అంది. నేను నవ్వాను. ఏం చెయ్యను?

మర్నాడు ఒక్కడే వచ్చాడు, సామాన్ల గది గుమ్మం దాకా. లోపలికి రాలేదు. "బాగున్నావా?" అనలేదు. "అమ్మెలా ఉంది?" అనలేదు. ముందు పెళ్ళయి విడిపోయిన సంగతి వాళ్ళకి తెలుసట, కానీ పిల్లలు లేరని చెప్పాడట. "ఒక్కసారి అలా నోట్లోంచి వచ్చేసింది, ఇప్పుడు మార్చడం కుదరదు. నువ్వు ఆ రోజు సెలవు పెట్టుకో. అర్థం చేసుకునే వయసు వచ్చింది నీకు" అన్నాడు.

నేను లేనని చెప్పేశాక ఇంక నాకు వయసేమిటి?

"సెలవు దొరకదండీ" అన్నాను. ఈసారి కావాలనే అన్నాను ఆ "అండీ".

వెళ్తూ వెళ్తూ గుమ్మానికి చెయ్యి ఆనించి ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. గుమ్మం దగ్గర కత్తి పడి ఉంటే తీసి, చెయ్యి చాపి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మాస్టారుకి ఏం చెప్పలేదు. బల్ల నేనే చేస్తాను. హంసలు నేనే చెక్కుతాను. ఆ రోజు పద్ధతి ప్రకారం ఆయనే వాటిని కోసి, నన్ను పిలిచి, తొలి ముక్క చేతిలో పెట్టాలి. ఇది ఫలానా అని నలుగురికీ చెప్పాలి. ఏమని చెప్తాడో నాకు వినాలని ఉంది. నా కళ్ళల్లోకి చూస్తూ, అంతమందిలో, ఏమంటాడో. అంతకంటే నాకేం వద్దు.

అమ్మకి చెప్పకు.

పిచ్చుక


ఇల్లు, వెనక గది

పిచ్చుకకి,

నేను అబద్ధాలు బాగా ఆడతాననుకున్నాను ఇన్నాళ్ళూ. నువ్వు ఉత్తరంలో కూడా పట్టేస్తున్నావు.

వాడు ఇక్కడికీ వచ్చాడు. మీ అమ్మ బట్టలు ఇచ్చిరావడానికి బజారుకి వెళ్ళిన వేళ చూసుకుని వచ్చాడు. వీధి గుమ్మంలో నుంచుని కార్డు ఇచ్చాడు. "నాన్నా, నువ్వొక్కడివీ రా. మా వైపు పెద్ద దిక్కు లేకపోతే బాగుండదు. పాత సంగతులు మాత్రం ఎత్తకు" అన్నాడు. ఇంకో ముక్క విను. వాళ్ళకి నన్ను ఫర్నిచర్ వ్యాపారినని చెప్పాడట. సుత్తి దెబ్బలకి గోళ్ళూడిన చేతులు ఇవి, వీటికి ఉంగరాలు తొడిగేశాడు! సరే నాయనా, నన్ను షావుకారుని చేశావు, నీ కూతుర్ని ఏం చేశావు అని అడగాల్సింది. అడగలేదు. కార్డు పుచ్చుకున్నాను. నీ సంగతి వాడక్కడ చెప్పలేదని నాకు అప్పుడు తెలీదు, కానీ అడిగితే తెలిసేది. భయపడి అడగలేదేమో.

నీకు చెప్పలేదంటే దిగులుపడతావని. నువ్వు నాకు చెప్పలేదంటే నేను దిగులుపడతానని. మనిద్దరం కలిసి ఎవరి దిగులు తప్పించామే?

కార్డు పరుపు కింద పెట్టాను. మీ అమ్మకి సబ్బే దొరికినప్పుడు ఇది దొరకదా? దొరికింది. మిషను ఆపేసి, నా తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేసింది. చేసిందే చేసింది, ఒక్క కాలరు మీదే పెట్టె ఎన్నిసార్లు తిప్పిందో. తర్వాత "వెళ్ళండి మావయ్యా. పిల్ల అక్కడ ఒక్కతే ఉంటుంది" అంది. ఆ కార్డు మీద హాలు పేరు చదివింది కదా, నువ్వెక్కడ పనిచేస్తున్నావో తెలుసు కదా. "గొడవ మాత్రం చెయ్యకండి. దాని ఉద్యోగం" అంది. అని మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

ఇప్పుడు నేను చెప్పేది విను. వాడు అనడు. నేను కన్నవాణ్ణి, నాకు తెలుసు. చిన్నప్పుడు గాజు పగలగొట్టి, చేతినిండా రక్తంతో నుంచుని "నేను కాదు" అన్నవాడు వాడు. నువ్వు ఒక్క మాట కోసం చూస్తున్నావు. దానికోసం అంత శ్రద్ధగా హంసలు చెక్కుతావు. వాడు వాటిని కోస్తాడు, అంతే. జ్వరమని చెప్పి పడుకో. ఉద్యోగం ఇంకోటి చూద్దాం. కావాలంటే పండ్ల బదులు నాతో పీటలు చెక్కుదువుగాని.

నువ్వు మాట వినవని తెలుసు. తెల్ల చొక్కా వేసుకుని వస్తాను.

తాత


విందు హాలు, సామాన్ల గది

తాతకి,

వచ్చావు. చూశాను. చొక్కా బాగుంది, కాలరు నిలబడింది.

నీకు వినపడి ఉండదు, అందుకని రాస్తున్నాను. హంసలు బాగా కుదిరాయి. పుచ్చకాయ గులాబీల మధ్య, నీళ్ళలా పరిచిన ద్రాక్షపళ్ళ మీద, రెండూ మెడలు కలుపుకుని. మెడలు ఆయన అడిగినంత పొడుగు. మాస్టారు మొదటిసారి ఉప్పు గురించి అడగలేదు. కత్తి పెళ్ళికొడుకు చేతికిచ్చి నన్ను పిలిచారు. వెళ్ళి ఎదురుగా నుంచున్నాను.

"ఈ అమ్మాయి ఇక్కడ హాల్లో పనిచేస్తుంది. బాగా చెక్కింది" అన్నాడు.

అంతే. నా కళ్ళల్లోకి కాదు, నా నెత్తిమీదుగా ఎటో చూస్తూ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక హంస మెడ కోశాడు. అందరూ చేత్తో ఇస్తారు తాతా, ఎవరైనా చేత్తోనే ఇస్తారు. ఈయన స్పూనుతో తీసి, నా అరచేతికి పైనుంచి వదిలాడు. వేళ్ళు తగలకుండా.

"థాంక్యూ సర్" అన్నాను. తిన్నాను కూడా. తియ్యగానే ఉంది. అదే చిరాకు.

నువ్వు చెప్పిందే జరిగింది. "చెప్పానా?" అని రాయకు, ఆ మాట నేను ఇప్పుడు భరించలేను.

అసలు ఆయన సంగతి కాదు. అది అయిపోయింది. నీ సంగతి. విందంతా అక్కడే ఉన్నావు. ఒక్కసారి, ఒక్కసారి కూడా నా దగ్గరికి రాలేదు. చూసీ చూడనట్టు తిరిగావు. ఎవరెవరితోనో నవ్వుతూ కబుర్లు చెప్పావు. వాళ్ళని చేతులు పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చావు, నా ముందు నుంచే వెళ్ళావు, "ఏమే పిచ్చుకా" అనలేదు. ఆయనకి కూతుర్ని కానప్పుడు నీకు మనవరాల్ని ఎలా అవుతాలే. తండ్రీ కొడుకులు ఒక మాట మీదే ఉన్నారు.

ఉద్యోగం ఖాయమైంది. వెళ్తూ వెళ్తూ ఆయన మాస్టారు దగ్గర నా పని మెచ్చుకున్నాడట.

మళ్ళీ రాయకు. రాయాలనిపిస్తే నేనే రాస్తాను.


ఇల్లు, వెనక గది

పిచ్చుకకి,

రాయకు అన్నావు. నేను ఎప్పుడు ఎవరి మాట విన్నాను?

నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. నా కళ్ళజోడు కనపడలేదు, నిజం, ఇది అబద్ధం కాదు. స్పూను దగ్గర ఆగిపోయింది. తర్వాత మొత్తం చదివింది, గొంతు మార్చకుండా. "తండ్రీ కొడుకులు ఒక మాట మీదే" అన్న చోట నాకేసి చూసింది. ఆ విందులో నేనేం చేశానో ఆవిడకి ముందే చెప్పాను కాబట్టి ఏమనలేదు. నీకు తెలీదు, చెప్తాను.

నేను హాల్లో అడుగుపెట్టగానే వాడు నన్ను వాళ్ళ వాళ్ళకి చూపిస్తూ ఏమన్నాడో తెలుసా? నాకు వినపడదులే అనుకుని కాస్త గట్టిగానే అన్నాడు. "మా నాన్నకి ఈమధ్య మతి నిలకడగా ఉండట్లేదు. ఎవర్ని పడితే వాళ్ళని చుట్టరికం కలిపేస్తాడు. పట్టించుకోకండి." చూశావా తెలివి? నేను నీ దగ్గరికొచ్చి "ఇది నా మనవరాలు" అంటే అందరూ పాపం ముసలాడు అనుకుని నవ్వేలా ముందే ఏర్పాటు చేసుకున్నాడు. నేను అరిస్తే పిచ్చి. ఏడిస్తే ఇంకా పిచ్చి. నీ చెయ్యి పట్టుకుంటే నీ ఉద్యోగం ముందు గొడవ. మీ అమ్మకి మాటిచ్చాను కదా. అందుకని నీ దగ్గరికి రాలేదు. వస్తే నా నోరు నా మాట వినేది కాదు.

వాడు స్పూను ఎత్తినప్పుడు నేను నీ వెనకే ఉన్నాను. నాకు మాట వినపడలేదు. అవసరం లేదు, ఆ స్పూను వినపడింది. నేను చేసిన మంచం మీద పుట్టాడు వాడు. ఎక్కడో పొరలో పుచ్చు ఉంది, నాకు పట్టుబడలేదు. పైన మాత్రం నున్నగా వచ్చాడు.

ఆ కొత్త కోడలు నా పక్కన వచ్చి కూర్చుంది. "మావయ్యగారూ, ఆ అమ్మాయి ఎంత బాగా చెక్కిందో చూశారా? ఎవరి దగ్గర నేర్చుకుందో!" అంది. మంచిదే ఆ పిల్ల. దానికీ అన్యాయమే జరిగింది, ఇంకా తెలీదు, అంతే తేడా. "తెలీదమ్మా, నాకు మతి నిలకడగా ఉండదు కదా" అన్నాను. ఆ పిల్ల నాకేసి చూసి, మళ్ళీ హంసల వైపు చూసింది.

ఇంక అసలు సంగతి. నేను కబుర్లు చెప్పింది ఎవరెవరితోనో కాదే, ఫోటోలాయనతో. గొడవ చెయ్యనని మాటిచ్చాను, కబుర్లు చెప్పనని ఇవ్వలేదు. మతిలేని సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. చెవిలో చెప్పాను. "బాబూ, ఆ పళ్ళ బల్ల వెనక ఉన్న పిల్ల పెళ్ళికొడుకు కూతురు. తండ్రి పెళ్ళికి తన చేత్తో బల్ల చేసింది. సిగ్గు ఎక్కువ, ముందుకి రాదు. ప్రతి ఫోటోలోనూ అది పడాలి, అదే మా వాడి కోరిక, పైకి మాత్రం అనకు" అన్నాను. ఆయన కెమెరాలోంచి ఒకసారి నిన్నూ ఒకసారి వాణ్ణీ చూసి "అవునండీ, ముక్కు అదే" అన్నాడు. తర్వాత నేను ఊరుకున్నానా? వచ్చినవాళ్ళని వచ్చినట్టు చేతులు పట్టుకుని "హంసల దగ్గర దిగండమ్మా, బాగుంటుంది" అని లాక్కొచ్చాను. నీ ముందు నుంచి అన్నిసార్లు వెళ్ళింది అందుకే. వాడి మావగారు దిగాడు, అత్తగారు దిగింది, వాడి ఆఫీసు వాళ్ళు దిగారు. అందరి వెనకా నువ్వే. ఆ ఆల్బంలో నువ్వు లేని పేజీ లేదు.

మీ అమ్మకి కూడా ఇంత వరకే చెప్పాను. మిగతాది నీకొక్కదానికే. ఫోటోలాయన మొన్నామధ్య నన్ను పిలిచి చూపించాడు. స్పూను ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. వాడి మొహం, నీ అరచెయ్యి, మధ్యలో హంస మెడ. దాన్ని తలుపంత పెద్దది చేయించాను. ఫ్రేము నేనే కట్టాను, టేకుతో, మేకు లేకుండా, ఊడదీయాలన్నా ఊడదు. పెళ్ళికొడుకు తండ్రి పంపిన కానుక అని చెప్పి వాళ్ళ ఇంటికే, ఆ కొత్త కోడలి చేతికే ఇవ్వమని ఫోటోలాయనతో పంపాను. కింద చెక్క మీద ఉలితో నేనే చెక్కాను, ఎంత లోతుగా చెక్కానో నా మణికట్టు ఇంకా నొప్పి పెడుతోంది: "తండ్రీ కూతురూ".

తాత